ధర చెప్పడమూ సాక్ష్యమే

రంజాన్ పండుగ వెళ్ళిన మరుసటి వారం మాకొక ఉత్తరం అందింది. రాసినవారు విజయవాడలో కాపురముంటున్న ఒక సోదరి. ఆమె తండ్రిగారు 1970వ దశకంలో గుంటూరు ప్రాంతం నుంచి వైద్యవృత్తి నిమిత్తం ఇంగ్లండు వెళ్ళారు. అక్కడి ప్రభుత్వ ఆస్పత్రులలో పనిచేసి, అక్కడే స్థిరపడి, గత సంవత్సరం అల్లాహ్ సన్నిధికి చేరుకున్నారు. భార్య, ఒక కుమారుడు, ఇద్దరు కుమార్తెలు ఆయన వారసులు. అప్పులు తీర్చడం, ఇల్లు, బ్యాంకులో సొమ్ము షరీఅత్ ప్రకారం పంచుకోవడం అంతా మాట తేడా రాకుండా జరిగిపోయింది. తేడా అంతా ఒక కారు దగ్గర వచ్చింది.

అది 1971 నాటి ఎం.జి.బి. అనే రెండు సీట్ల, గుడ్డ టాపు స్పోర్ట్స్ కారు. డాక్టరుగారు దానిని పాతదిగానే కొన్నారట. ఎండ కాసిన ఆదివారాల్లో భార్యను పక్కన కూర్చోబెట్టుకుని దానిలో తిరిగేవారట. ఆ సోదరి రాసిన మాటల సారాంశమిది: "మా తమ్ముడు అది పాత ఇనుము అంటున్నాడు. నాలుగు వేల పౌండ్లు లెక్క వేసుకుని తనే ఉంచుకుంటానంటున్నాడు. హైదరాబాదులో ఉన్న మా చాచా, ఇటువంటి పాత స్పోర్ట్స్ కార్లు వేలంలో కోట్లు పలుకుతున్నాయి, ఇరవై వేల పౌండ్లకు తక్కువైతే ఒప్పుకోవద్దు అంటున్నారు. లెస్టర్‌లో ఉన్న మా చెల్లెలు, పోనీ ఆపా, ఒక కారు కోసం ఎందుకీ గొడవ అంటోంది. మా అమ్మీ ఏమీ మాట్లాడడం లేదు. అమ్మకానికి పెడితే ఎంత అడగాలి, తమ్ముడే ఉంచుకుంటే ఎంత కట్టాలి? ఏది న్యాయమైన ధర, మౌల్వీగారూ?"

నిజం చెప్పాలంటే మొదట ఈ ఉత్తరాన్ని పక్కన పెట్టాలనుకున్నాము. మేము జీవితంలో కారు కొన్నవాళ్ళము కాము. మా దగ్గరున్న స్కూటరు అమ్మబోతే ఎవరూ ధర అడగరు, తూకం అడుగుతారు. కాని ఆ నలుగురిలో మాట్లాడని తల్లి, 'పోనీ' అంటున్న చెల్లెలు మా మనసులో నుంచి పోలేదు. విజయవాడ ఆటోనగర్‌లో టింకరింగ్ షెడ్డు నడుపుతున్న మా పూర్వ విద్యార్థిని పిలిపించాము. ఇంగ్లండులో పాత కార్ల మరమ్మతు పని చేస్తున్న అతడి బంధువుతో ఫోనులో రెండు సాయంత్రాలు మాట్లాడాము. తెలుసుకున్నదంతా ఇక్కడ పెడుతున్నాము. ఎందుకంటే కారు పాశ్చాత్యులదైనా తగవు మాత్రం మన ఇళ్ళలోదే.

మామూలు కారు ధర ఎవరికైనా తెలుస్తుంది. కొత్తదానికి కంపెనీ ధర ఉంటుంది. వాడిన కొద్దీ ఏటేటా తరుగుతుంది. చివరకు పాత ఇనుము సామాను కొనేవాడి దగ్గర ఆగుతుంది. అయితే కొన్ని కార్లు ఆ చివరి మెట్టు దగ్గర ఆగి, మళ్ళీ పైకి ఎక్కడం మొదలుపెడతాయి. వాటిని తయారు చేయడం ఎప్పుడో ఆగిపోయింది. ఉన్నవి ఏటేటా తగ్గుతుంటాయి. చిన్నతనంలో వాటిని చూసి ఆశపడి కొనలేకపోయినవారు, నడివయసులో నాలుగు డబ్బులు చేతికి వచ్చాక వెతుక్కుంటూ వస్తారు. హైదరాబాదు చౌమహల్లా ప్యాలెస్‌కు వెళ్ళినవారు అక్కడ నిజాం ప్రభువుల 1912 నాటి పసుపుపచ్చ రోల్స్ రాయిస్‌ను చూసే ఉంటారు. దానికి తరుగుదల లెక్క కట్టే గుమాస్తా ఎవరైనా ఉంటాడా? తమ్ముడు 'పాత ఇనుము' అన్నప్పుడు మరచిపోయినది ఈ సంగతినే.

చాచాగారు మరచిపోయినది మరొకటి. వేలంలో కోట్లు పలికిన మాట నిజమే. 2022 మే 5వ తేదీన జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో, మెర్సిడెస్ బెంజ్ కంపెనీ తన సొంత సంగ్రహం నుంచి 1955 నాటి 300 ఎస్.ఎల్.ఆర్. కూపే కారును వేలం వేయించగా అది 13 కోట్ల 50 లక్షల యూరోలు పలికింది. 2018 ఆగస్టులో అమెరికాలో 1962 నాటి ఫెరారీ 250 జి.టి.ఓ. ఒకటి 4 కోట్ల 84 లక్షల డాలర్లకు అమ్ముడుపోయింది. పత్రికలు వీటినే పెద్ద అక్షరాలతో వేస్తాయి. చాచాగారి వంటి పెద్దలు వాటిని చదివి, ప్రతి పాత స్పోర్ట్స్ కారులోనూ బంగారు గని ఉందనుకుంటారు. కాని ఆ మెర్సిడెస్ కార్లు ప్రపంచం మొత్తం మీద తయారైనవి రెండే. ఆ ఫెరారీలు 36. మరి మన డాక్టరుగారి ఎం.జి.బి.? ఇంగ్లండులోని ఆబింగ్డన్ అనే చిన్న పట్నంలో 1962లో తయారీ మొదలై, 1980లో ఆ కర్మాగారం మూతపడేవరకు అన్ని రకాలూ కలిపి ఐదు లక్షలకు పైగా తయారయ్యాయి. ఉపాధ్యాయులు, వైద్యులు, గుమాస్తాలు కూడా కొనగలిగిన స్పోర్ట్స్ కారు అది. దాని గొప్పతనమంతా అందులోనే ఉంది, దాని ధరకు హద్దు కూడా అక్కడే ఉంది.

కనుక ధర కట్టేవాడు మొదట చేయవలసిన పని తన చేతిలో ఉన్న వస్తువు కచ్చితంగా ఏమిటో తెలుసుకోవడం. ఎం.జి.బి. అన్నంత మాత్రాన సరిపోదు. 1974 ద్వితీయార్ధం వరకు వచ్చిన వాటికి క్రోమియం బంపర్లు ఉంటాయి. ఆ తర్వాత అమెరికా నిబంధనల కోసం నల్ల రబ్బరు బంపర్లు పెట్టి కారు ఎత్తు కూడా పెంచారు. కొనేవారు మొదటివాటినే ఎక్కువగా కోరుకుంటారు. 1965 నుంచి గట్టి టాపుతో వచ్చిన జి.టి. రకానికి, గుడ్డ టాపు రకానికి పలికినంత సాధారణంగా పలకదు. ఆరు సిలిండర్ల ఎం.జి.సి. అని వేరే ఉంది, అది మూడేళ్ళు కూడా నిండకుండానే ఆగిపోయింది. 1973 నుంచి 1976 వరకు వచ్చిన ఎనిమిది సిలిండర్ల జి.టి. రకం 2,591 మాత్రమే తయారయ్యాయి. అమెరికాకు ఎగుమతి అయి, ఎడమవైపు స్టీరింగుతో ఉండి, ఎన్నో ఏళ్ళకు తిరిగి వచ్చి కుడివైపుకు మార్చబడినవి ఉన్నాయి. ఓవర్‌డ్రైవ్ గేరు ఉన్నదానికి ఒక ధర, లేనిదానికి ఒక ధర. గేడన్ అనే చోట ఉన్న బ్రిటిష్ మోటార్ మ్యూజియం వారు ఆబింగ్డన్ కర్మాగారపు రికార్డులు చూసి ధ్రువపత్రం ఇస్తారు. ఈ నెంబరు కారు ఏ తేదీన తయారైంది, ఏ రంగుతో బయటికి వచ్చింది, ఏ ఇంజను నెంబరు బిగించారు అన్నది అందులో ఉంటుంది. ఇప్పుడున్న ఇంజను ఆనాటిదేనా, రంగు ఆనాటిదేనా అన్నది దానితో తేలిపోతుంది. అమ్మేవాడు 'ఒరిజినల్' అన్న మాట నోటితో చెప్పడం కన్నా ఆ కాగితం చూపించడం మేలు.

ఇక రెండవది కారు స్థితి. ధరలో ఎక్కువ భాగం దీనిమీదే ఆధారపడుతుంది. హాగర్టీ అనే అమెరికా బీమా సంస్థ ప్రచురించే ధరల పట్టికలో ఒకే కారుకు నాలుగు ధరలు ఉంటాయి. ప్రదర్శనలో బహుమతి పొందగల కారు మొదటి తరగతి. చాలా బాగున్నది రెండవది. వాడకంలో ఉండి, దగ్గరికి వెళ్ళి చూస్తే చిన్న లోపాలు కనిపించేది మూడవది. నడుస్తుంది కాని లోపాలు స్పష్టంగా తెలిసేది నాలుగవది. మొదటి తరగతికీ నాలుగవ తరగతికీ మధ్య కొన్ని కార్లలో ధర ఎన్నో రెట్లు తేడా ఉంటుంది. ఇక్కడే మనిషి బలహీనత బయటపడుతుంది. మా పేపర్లు దిద్దిన అనుభవంతో చెబుతున్నాము, ప్రతి తండ్రీ తన కొడుకును ఒక తరగతి పైన కూర్చోబెడతాడు. కార్ల సంగతి కూడా అంతేనట. మూడవ తరగతి కారు ఉన్నవాడు రెండవ తరగతి ధర అడుగుతాడు, అది ఆరు నెలలైనా అమ్ముడుపోకపోతే కాలం చెడిపోయిందంటాడు.

మా ఆటోనగర్ విద్యార్థి తుప్పు గురించి ఒక గంటసేపు చెప్పాడు. అది రాయకుండా ఉండలేము. పాత లారీలకు, జీపులకు కింద ఇనుప ఛాసిస్ వేరుగా ఉంటుంది, పైన బాడీ వేరుగా ఉంటుంది. బాడీ తుప్పు పట్టినా ఛాసిస్ మోస్తుంది. ఎం.జి.బి.కి అలా కాదు. రేకులన్నీ కలిపి వెల్డింగ్ చేసిన బాడీయే బరువంతా మోస్తుంది. అందులోనూ తలుపుల కింద, ముందు చక్రం నుంచి వెనుక చక్రం దాకా పొడవుగా ఉండే రేకు పెట్టెను సిల్ అంటారు. టాపు లేని కారుకు అదే వెన్నెముక. ఇంగ్లండులో చలికాలం రోడ్లమీద మంచు కరగడానికి ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పునీరు సిల్ లోపల చేరి, బయటికి కనబడకుండా లోపలి నుంచి తినేస్తుంది. దీనిని బాగు చేయడానికి రెండు దారులున్నాయి. పాత రేకు కోసివేసి కొత్త సిల్ వేయడం ఒకటి. దానికి డబ్బు కావాలి, ఓపిక కావాలి. రెండవ దారి లప్పం పెట్టి, నున్నగా రుద్ది, పైన మెరిసే రంగు వేయడం. రెండవదానికి ఒక వారం చాలు. ఫోటోలో రెండూ ఒకేలా ఉంటాయి. అయస్కాంతం పెట్టి చూస్తే లప్పం ఉన్నచోట అంటుకోదు. వేలితో కొట్టి చూస్తే మట్టి కుండ మోగినట్టు కాక మొద్దుగా వినిపిస్తుంది.

ఇది వింటుండగా మాకు మదరసాలో హదీసు పాఠం గుర్తుకు వచ్చింది. మేకను గాని, ఒంటెను గాని అమ్మే ముందు రెండు మూడు రోజులు పాలు పితకకుండా పొదుగు నిండేటట్టు చేసి, కొనేవానికి పాడి ఎక్కువని భ్రమ కల్పించడాన్ని దైవప్రవక్త ముహమ్మద్ (స) నిషేధించారు. అలా మోసపోయినవానికి ఆ పశువును తిప్పి ఇచ్చే హక్కును కూడా ఇచ్చారు. దీనిని తస్‌రియా అంటారు. అక్కడ అమ్మినవాడు నోటితో అబద్ధం చెప్పలేదన్న సంగతి గమనించాలి. పొదుగే అతని తరఫున అబద్ధం చెప్పింది. లప్పం మీద వేసిన రంగు కూడా అటువంటి పొదుగే. మన పశువుల సంతల్లో కొమ్ములకు నూనె రాసి, పళ్ళు అరగదీసి ఎద్దు వయసు దాచేవాళ్ళను మనమెరుగుదుము. తెల్లదొరల దేశంలో ఆ విద్య లేదనుకున్నాము, ఉన్నది.

ఇంగ్లండు చట్టం ఈ విషయంలో ఏమంటుందో కూడా కనుక్కున్నాము. వ్యాపారి కాకుండా మామూలు వ్యక్తి తన పాత కారును అమ్మితే, ఆయన చెప్పిన వర్ణనకు కారు సరిపోవాలి, అడిగిన ప్రశ్నకు అబద్ధం చెప్పకూడదు, రోడ్డుమీద నడపడానికి ప్రమాదకరమైనదాన్ని బాగున్నదని అమ్మకూడదు. కాని అడగని లోపాన్ని తనంతట తాను చెప్పాలన్న బాధ్యత సాధారణంగా లేదు. చూసుకోవలసిన పూచీ కొనేవాడిదే. మన ధర్మం ఇక్కడ చట్టంకన్నా ఒక అడుగు ముందుకు వేయమంటుంది. అడగకపోయినా లోపం చెప్పాలి. చెప్పిన లోపానికి ధరలో తగ్గింపు ఇవ్వాలి. ఇలా అంటే కొందరు మిత్రులు నవ్వుతారు, 'అలాగైతే వ్యాపారం సాగినట్టే' అంటారు. కాని ఆ ఇంగ్లండు మెకానిక్ చెప్పిన మాట వేరు. తుప్పు ఎక్కడుందో ప్రకటనలోనే రాసి, దాని ఫోటో కూడా పెట్టిన కారును చూడటానికి జనం ఎక్కువగా వస్తారట. వచ్చినవాడు వెతుక్కుంటూ బేరం తగ్గించడానికి మిగిలేది ఏమీ ఉండదు.

చాచాగారి దగ్గర మరొక వాదం ఉంది. 'మా అన్నయ్య ఆ కారుమీద పదిహేను వేల పౌండ్లకు తక్కువ కాకుండా ఖర్చుపెట్టాడు, బిల్లులన్నీ ఫైలులో ఉన్నాయి.' ఆ ఫైలు విలువైనదే. యాభై ఏళ్ళలో కారుకు ఎవరు ఏమి చేశారో అది చెబుతుంది. ఫైలు ఉన్న కారుకు, లేని కారుకన్నా మంచి ధర వస్తుంది. కాని బిల్లుల మొత్తాన్ని ధరలో కలపడానికి లేదు. ఈ కారుకు దాదాపు అన్ని విడిభాగాలూ ఈనాటికీ దొరుకుతాయి. 1988 నుంచి బ్రిటిష్ మోటార్ హెరిటేజ్ అనే సంస్థ మొత్తం బాడీనే కొత్తగా చేసి అమ్ముతోంది. కాబట్టి పూర్తిగా చెడిపోయిన ఎం.జి.బి.ని కూడా కొత్తదానిలా చేయవచ్చు, అయితే ఆ ఖర్చు తరచుగా తయారైన కారు ధరను దాటిపోతుంది. డాక్టరుగారు ఆ డబ్బు పెట్టుబడిగా పెట్టలేదు. ఇష్టంతో పెట్టారు, ఆదివారాలతో వసూలు చేసుకున్నారు. కొనేవాడు ఆ ఆదివారాలకు డబ్బు కట్టడు. తల్లి పక్క సీటులో కూర్చున్న జ్ఞాపకానికి కూడా కట్టడు. బీమా కాగితం మీద రాసిన ఒప్పుకున్న విలువ కూడా అమ్మకం ధర కాదు, అది కారు పోతే రావలసిన పరిహారం కోసం ఇద్దరూ అనుకున్న అంకె.

మరి న్యాయమైన అంకె ఎక్కడ దొరుకుతుంది? మదీనాలో ధరలు పెరిగినప్పుడు సహాబాలు ధర నిర్ణయించమని కోరితే ప్రవక్త (స) నిర్ణయించలేదు. అంటే న్యాయమైన ధర ఒకరు కూర్చుని శాసించేది కాదు, ఎరుక ఉన్న ఇద్దరు ఇష్టపూర్వకంగా ఒప్పుకున్నది. కాబట్టి అటువంటి ఒప్పందాలు ఇటీవల ఎక్కడెక్కడ జరిగాయో చూడాలి. జాగ్రత్తగా గమనించవలసింది ఏమిటంటే, ప్రకటనల్లో కనిపించేవి అడిగిన ధరలు, అవి ఆశలు మాత్రమే. అమ్ముడుపోయిన ధరలే నిజాలు. అదే సంవత్సరపు, అదే రకపు, అదే తరగతి కార్లు గత ఆరు నెలల్లో ఎంతకు అమ్ముడుపోయాయో ఐదారు ఉదాహరణలు ఏరుకోవాలి. అందులో అన్నిటికన్నా ఎక్కువ పలికినదాన్ని, అన్నిటికన్నా తక్కువ పలికినదాన్ని పక్కన పెట్టాలి.

వేలం ధరలను చదవడంలో కూడా ఒక మెలిక ఉంది. ఉదాహరణకు సుత్తి దెబ్బ 10,000 పౌండ్ల దగ్గర పడిందనుకోండి. కొన్నవాడి నుంచి 12 శాతం రుసుము, దానిమీద 20 శాతం పన్ను తీసుకుంటే అతడు కట్టేది 11,440. అమ్మినవాడి నుంచి 6 శాతం, దానిమీద పన్ను తీసుకుంటే అతని చేతికి వచ్చేది 9,280. ఒకే కారు, ఒకే రోజు, మూడు ధరలు. పత్రికలో పడేది తరచుగా రుసుము కలిపిన పెద్ద అంకె. ఇంటి దగ్గర నేరుగా అమ్ముకునేవాడు ఆ పెద్ద అంకెను పట్టుకుని కూర్చుంటే పొరపాటు. పైగా వేలంపాటలో అమ్మేవాడి మనిషే కొనే ఉద్దేశం లేకుండా లేచి ధర పెంచే మోసం ఒకటి ఉంది. దీనిని నజ్ష్ అని ప్రవక్త (స) నిషేధించారు. ఇంట్లో కూర్చుని 'నిన్ననే ఒకాయన పదివేలు ఇస్తానన్నాడు' అని లేని మనిషిని పుట్టించడం కూడా ఆ కోవలోనిదే. బేరానికి కొంచెం చోటు ఉంచుకుని ఐదారు శాతం ఎక్కువ అడగడంలో మాకు తప్పు కనిపించదు. అది ప్రతిపాదన మాత్రమే, దాన్ని తిరస్కరించే స్వేచ్ఛ ఎదుటివానికి ఉంది. కాని దాన్ని నిలబెట్టడానికి చెప్పే ప్రతి మాటా నిజమై ఉండాలి.

మార్కెట్టు పెరుగుతుంది గనుక ఆగుదామని సలహా ఇచ్చేవారికి 1989ని గుర్తు చేయాలి. ఫెరారీ కంపెనీ స్థాపకుడు 1988 ఆగస్టులో మరణించాక పాత కార్ల మీద వెర్రి పట్టుకుంది. అప్పు చేసి కొని, రంగు ఆరకముందే మరొకరికి అమ్మినవారున్నారు. 1990లో ఆ బుడగ పగిలింది. ఆ తర్వాత కొన్నేళ్ళలో ఎన్నో కార్ల ధరలు మూడోవంతుకు, నాలుగోవంతుకు పడిపోయాయి.

ఇక అసలు చిక్కు. బయటివాడికి అమ్మితే ధర ఎలాగో తేలుతుంది. ఇంటివాడే ఉంచుకుంటానన్నప్పుడు అమ్మేవాడు, కొనేవాడు, ధర కట్టేవాడు ఒక్కడే అవుతున్నాడు. లెక్క చూడండి. భార్యకు ఎనిమిదో వంతు. మిగిలినదానిలో కుమారునికి రెండు పాళ్ళు, ఒక్కొక్క కుమార్తెకు ఒక పాలు. కారు విలువ 8,000 పౌండ్లు అనుకుంటే తల్లికి 1,000, కుమారునికి 3,500, ఒక్కొక్క కుమార్తెకు 1,750. కుమారుడు కారు ఉంచుకుంటే మిగిలిన ముగ్గురికి 4,500 ఇవ్వాలి. విలువను 4,000గా రాసుకుంటే 2,250 ఇస్తే సరిపోతుంది. పంపకం షరీఅత్ ప్రకారమే జరిగినట్టు కనిపిస్తుంది. ఎనిమిదో వంతు ఎనిమిదో వంతుగానే ఉంది. తప్పు భాగాల్లో లేదు, భాగించిన అంకెలో ఉంది.

మన ఊళ్ళలో ఇది మరీ పాత కథ. పొలం విలువను రిజిస్ట్రేషన్ కాగితంలోని అంకె ప్రకారం లెక్కకట్టి ఆడపిల్లల వాటా ఇచ్చేస్తారు. అదే పొలాన్ని మరుసటి సంవత్సరం బజారు ధరకు అమ్ముతారు. అక్కచెల్లెళ్ళు పండక్కి వస్తే ఒక చీర, డజను గాజులు, బిర్యానీ. 'మా అన్న మంచివాడు' అంటూ వాళ్ళు బస్సెక్కుతారు. లెస్టర్‌లోని చెల్లెలి 'పోనీ' అన్న మాటలో ఆ బస్సు చప్పుడే మాకు వినిపించింది. తన హక్కు ఎంతో తెలుసుకున్న తర్వాత వదులుకుంటే అది ఆమె ఔదార్యం. తెలియకుండా వదులుకుంటే దానికి ఆ పేరు లేదు.

ధరలో ఎంత తేడా వస్తే మోసం కింద లెక్క? మన ఫిఖ్‌హ్ పండితులు దీనిని గబ్నె ఫాహిష్ అన్నారు. ఉస్మానియా సామ్రాజ్యంలో పందొమ్మిదో శతాబ్దంలో హనఫీ ఫిఖ్‌హ్‌ను సూత్రాలుగా కూర్చిన మజల్లాలో దీనికి అంకెలు కూడా ఉన్నాయి: సరుకులకు ఐదు శాతం, పశువులకు పది శాతం, స్థిరాస్తికి ఇరవై శాతం. కారును ఏ పద్దులో వేయాలో పెద్దలు ఆలోచించాలి. యాభై ఏళ్ళ స్పోర్ట్స్ కారు చలికాలం ఉదయం మొరాయిస్తుందని విన్నాక మేము దాన్ని పశువుల పద్దులోనే వేస్తున్నాము. ఏ పద్దులో వేసినా ఎనిమిది వేలదాన్ని నాలుగు వేలు అనడం కుదరదు, ఇరవై వేలు అనడమూ కుదరదు.

గుర్రాల కాలంలోనే హజ్రత్ జరీర్ బిన్ అబ్దుల్లాహ్ (రజి) గారి ఉదంతం ఒకటి ఉంది. ఆయన మనిషి ఆయన కోసం ఒక గుర్రాన్ని 300 దిర్హములకు బేరం కుదిర్చి, డబ్బు ఇప్పించడానికి యజమానిని వెంటబెట్టుకు వచ్చాడు. జరీర్ (రజి) గుర్రాన్ని చూసి, నీ గుర్రం ఇంతకన్నా ఎక్కువ చేస్తుంది, నాలుగు వందలకు ఇస్తావా అన్నారు. ఆపైన వందలు పెంచుతూ పోయి చివరకు 800 ఇచ్చి కొన్నారు. ప్రతి ముస్లిం మేలూ కోరతానని ప్రవక్త (స) చేతిలో చేయి వేసి ప్రమాణం చేశానన్నది ఆయన సమాధానం. కొనేవాడు తనంతట తాను ధర పెంచడం మన సంతల్లో ఎవరూ చూసి ఉండరు. కాని తమ్ముడు ఇక్కడ కొనేవాడు. అక్క చేతిలో చేయి వేసే పుట్టినవాడు.

ఆ సోదరికి మేము ఇలా జవాబు రాశాము. "అమ్మా! మీ తమ్ముడూ, మీ చాచా ఇద్దరూ కారు కింద పడుకుని చూడకుండానే ధర చెప్పారు. మీ కుటుంబంతో సంబంధం లేని, ఈ రకం కార్లు ఎరిగిన మెకానిక్ ఒకరికి రుసుము ఇచ్చి కారు పరీక్ష చేయించండి. ఆ రుసుమును నలుగురూ వాటాల ప్రకారం భరించండి. కారు ఎవరు ఉంచుకోబోతున్నారో, ఎవరు అమ్మమంటున్నారో ఆయనకు చెప్పవద్దు. గేడన్ నుంచి ధ్రువపత్రం తెప్పించండి. నలభై ఏళ్ళు దాటిన, పెద్ద మార్పులు చేయని కార్లకు ఎం.ఓ.టి. అనే వార్షిక పరీక్ష 2018 నుంచి అక్కడ తప్పనిసరి కాదని విన్నాము, అయినా ఒకసారి చేయించండి. లాగ్‌బుక్కు మీద ఉన్న పేరు యాజమాన్యానికి రుజువు కాదని దానిమీదే రాసి ఉంటుంది, కాబట్టి మీ తండ్రిగారి కొనుగోలు రసీదు, వారసత్వ కాగితాలు ఒకచోట పెట్టండి. మెకానిక్ చెప్పిన తరగతికి సరిపడే కార్లు ఎంతకు అమ్ముడుపోయాయో మీ నలుగురూ విడివిడిగా వెతికి, ఒకే రోజు ఒకరికొకరు చూపించుకోండి. అప్పుడు తేలిన అంకెకు ఉంచుకునే హక్కును మొదట మీ తమ్మునికే ఇవ్వండి. ఆయన వద్దంటే అదే అంకె మీద బేరానికి కొద్దిగా చేర్చి ప్రకటన వేయండి. ముఖ్యంగా, ఏ అంకె అయినా ముందు మీ అమ్మీకి చెప్పి, ఆమె మాట వినండి."

నెల రోజులకు మరొక ఉత్తరం వచ్చింది. మెకానిక్ వచ్చి చూశాడట. ఇంజను ఆబింగ్డన్‌లో బిగించినదే. రంగు మాత్రం తర్వాత మార్చినది. ఎడమ సిల్ కొత్తది, కుడి సిల్‌లో మూడు చోట్ల లప్పం ఉంది. మూడవ తరగతి అన్నాడట. నలుగురూ తెచ్చిన అంకెలు ఏడున్నర వేల నుంచి తొమ్మిది వేల మధ్య వచ్చాయట. కుడి సిల్ మరమ్మతుకయ్యే ఖర్చు తీసివేసి 8,000 అనుకున్నారట. తమ్ముడు రెండు రోజులు ఆలోచించి, అంత పెట్టి ఉంచుకోలేనన్నాడట. 'నాలుగు వేలని ఎందుకన్నావు బాబూ' అని తల్లి అప్పుడు మొదటిసారి నోరు విప్పిందట. 'అమ్మీ, ఎక్కువ చెబితే మీరు అమ్మేస్తారని భయపడ్డాను' అన్నాడట. ఆ మాట చదివి మేము కొంచెం సేపు కాగితం పక్కన పెట్టాము. అతణ్ణి మేము లోభి అనుకున్నాము.

8,500కు ప్రకటన వేశారు. కుడి సిల్ సంగతి మొదటి వాక్యంలోనే రాశారు. ఈ వ్యాసం రాసే నాటికి ఇద్దరు వచ్చి చూసి వెళ్ళారు. రెండవ ఆయన అయస్కాంతం వెంట తెచ్చుకుని, వానకు తడిసిన నేల మీద పడుకుని కారు అడుగుభాగమంతా చూశాడట. తమ్ముడు లైటు పట్టుకున్నాడు. తల్లి ఇద్దరికీ టీ పంపింది.